చుక్కయు, కామాయు



1,500 అను సంఖ్యను కాగితముపై వ్రాసి మన దుకాణదారునకు చూపినచో అతడు పదునైదు వందలని చదువును. దానినే జర్మనీ దేశపు వర్తకునకు చూపినచో ఒకటిన్నర యని చదువును. ఇరువురిలో ఎవరును తప్పు చదువలేదు. మనకు కామా వేలను విడదీయును, చుక్క దశాంశమును చూపును. వారికి కామాయే దశాంశపు గుర్తు, చుక్క వేలను విడదీయును. 2003వ సంవత్సరమున తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభయు దశాంశమునకు చుక్కగాని కామాగాని ఉండవచ్చునని అంగీకరించినది. కావున ఎవరి ఆచారము వారికి సరియైనదే.

మనుష్యుడు సందర్భమును బట్టి గ్రహించును. యంత్రమునకు ఆ వివేకము లేదు. ప్రతి కంప్యూటరునందును యజమాని దేశాచారమును తెలుపు ఏర్పాటొకటి కలదు. దానిని లొకేల్ అందురు. సి అను భాషలో అక్షరములను సంఖ్యగా మార్చు పాత సాధనము, ప్రోగ్రాము ఆ ఏర్పాటును స్వీకరించినచో, దాని ననుసరించియే చదువును.

దీని ఫలమును చూడుడు. హైదరాబాదు నగరపు ఉత్తర అక్షాంశము సుమారు 17.385 డిగ్రీలు. మన దేశమున చక్కగా పనిచేసిన ప్రోగ్రామే జర్మను ఆచారముగల కంప్యూటరుపై చుక్క యొద్ద ఆగిపోయి, 17 మాత్రమే గ్రహించును. పటములో నగరము దాదాపు 43 కిలోమీటర్లు దక్షిణమునకు జరుగును! సి షార్ప్ అను భాషలో, వేరుగా చెప్పనిచో, అట్టి కంప్యూటరు చుక్కను వేల గుర్తుగా తలచి విడిచివేయును. అపుడు 2.5 అనునది 25 అగును. ఆ సంఖ్య మందు మోతాదైనచో రోగి గతి యేమి? అన్నిటికంటె అపాయకరమైన దేమనగా, తప్పు జరిగినదని యంత్రము నోరు మెదపదు.

పూర్వము మానికలును కుంచములును ఊరూరికి వేరుగా నుండెడివి. ఊరిలో కొలుచుకొన్నంతవరకు చిక్కు లేదు. ధాన్యము పొలిమేర దాటినపుడే తగవు. 1956లో చట్టము వచ్చి కిలోగ్రాము, మీటరు దేశమంతటికి ప్రమాణములైనవి. యంత్రములు ఒకదానికొకటి పంపుకొను సంఖ్యలకును అట్టి కట్టడి కలదు. జేసన్ అను విధానములో దశాంశమునకు చుక్క యొక్కటియే గుర్తు. వేలకు కామా కూడదు. 0 మొదలు 9 వరకు గల ఈ అంకెలే చెల్లును గాని మన తెలుగు అంకెలు చెల్లవు.

అయితే కట్టడి యున్నంత మాత్రమున చాలదు. చదువు ప్రోగ్రాము దానిని పాటింపవలయును. ప్రమాణము ననుసరించి వచ్చిన సంఖ్యను చదువునపుడు లొకేల్ నడుగరాదు. 2017 నాటి సి ప్లస్ ప్లస్ ప్రమాణమున చేర్చిన ఫ్రమ్ చార్స్ అను సాధనము లొకేల్ ను లెక్కచేయదు. పైథాన్ భాషలోని ఫ్లోట్ కూడ అట్టిదే. సి షార్ప్ నందు ఇన్వేరియంట్ కల్చర్ అని స్పష్టముగా చెప్పవలయును. మరియు, చదివిన పిమ్మట ఒక్క అక్షరము మిగిలినను ఆ సంఖ్యను త్రోసిపుచ్చవలయును. సగము చదివి ఊరకుండుటకంటె చదువలేనని చెప్పుట మేలు.

మన లక్షల కామాలను మానుకొమ్మని నేను చెప్పుట లేదు. మనుష్యుని కంటికి చూపునపుడు 12,34,567 అనియే చూపవచ్చును. యంత్రమునుండి యంత్రమునకు పోవునపుడు మాత్రము 1234567 అనియే పోవలయును. ఇంటిలో ఎవరి యాస వారిది; దస్తావేజులో అందరికి ఒకటే మాట.

మన బిడ్డలు పెక్కురు ఈ వృత్తిలో నుండి, దూరదేశముల వారికొరకు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. ఇచ్చట సరిగా నడచినది అచ్చటను నడచునని తలచుట సహజము. వారు పండుగకు ఇంటికి వచ్చినపుడు ఒక్క ప్రశ్న వేయుడు: "నాయనా, నీవు వ్రాసినది జర్మనీ కంప్యూటరుపై కూడ ఒకటిన్నరను ఒకటిన్నరగానే చదువునా?" చదువునో లేదో పరీక్షించి చూడుమని చెప్పుడు. ఆ పరీక్షకు పట్టునది కొంచెము సేపే.