ఎవరి తగాదాకు ఎవరి పిల్లలు?

(వాక్యభాగము: 2 సమూయేలు 2:12-17)



గిబియోను కొలను దగ్గర రెండు సేనలు ఎదురెదురుగా కూర్చున్నాయి. సౌలు ఇంటివారి పక్షాన అబ్నేరు, దావీదు పక్షాన యోవాబు. అందరూ ఇశ్రాయేలీయులే. యౌవనులను లేపుదామని అబ్నేరు అన్నాడు, యోవాబు సరేనన్నాడు. అటు 12 మంది, ఇటు 12 మంది లేచారు. అందరూ అక్కడే కూలిపోయారు. ఆ మాట అనుకున్న పెద్దలిద్దరూ మాత్రం బ్రతికే ఉన్నారు.

1861 నుండి 1865 వరకు అమెరికాలోనూ ఇలాగే అన్నదమ్ముల యుద్ధం జరిగింది. బానిసత్వాన్ని నిలుపుకోవాలని దక్షిణ రాష్ట్రాలు వేరుపడ్డాయి. 1864 మే నెలలో దక్షిణ సేనాధిపతి బ్రెకిన్‌రిడ్జ్, వర్జీనియా సైనిక విద్యాలయంలో చదువుకునే పిల్లలను యుద్ధానికి పిలిపించాడు. కొందరికి 15 ఏళ్లే. వారు లెక్సింగ్టన్ నుండి నాలుగు రోజులు నడిచి న్యూ మార్కెట్ చేరారు. మే 15, ఆదివారం. వారిని వెనుకనే ఉంచాలనుకున్న సేనాధిపతి, వరుసలో ఖాళీ ఏర్పడగానే ముందుకు పంపాడు. వాన బురదలో కొందరి బూట్లు ఊడిపోయినా పిల్లలు ఆగలేదు. వెళ్లిన 257 మందిలో 10 మంది చనిపోయారు.

వారి ధైర్యం నిజమైనదే. అయితే ఎంత ధైర్యమైనా, మనుష్యులను బానిసలుగా ఉంచే పనిని నీతిగా మార్చలేదు. ఆ రోజు గెలిచిన పక్షమే మరుసటి సంవత్సరం ఓడిపోయింది. చనిపోయిన పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

వారిలో 17 ఏళ్ల థామస్ గార్లండ్ జెఫర్సన్ ఒకడు. రొమ్మున తూటా తగిలిన అతని ప్రక్కన తోటి విద్యార్థి మోజెస్ ఎజెకియెల్ కూర్చున్నాడు. ఎజెకియెల్ యూదుడు. స్నేహితుడు కోరగా యోహాను సువార్త 14వ అధ్యాయం చదివి వినిపించాడు. పెద్దలు తుపాకి ఇచ్చి పంపిన బిడ్డ చివరికి అడిగింది తండ్రి యింటిని గూర్చిన మాట!

సంఘ పెద్దలారా, తల్లిదండ్రులారా, మందిరం ఆస్తి గూర్చి తగాదా వచ్చినప్పుడు, కమిటీ ఎన్నికలప్పుడు కుర్రవాళ్లను ముందు నిలబెట్టి మనం వెనుక కూర్చుంటున్నామా? వారి మీద కేసులు పడితే, చదువులు పాడైతే దేవునికి లెక్క అప్పగించవలసినది ఎవరు? యౌవనులారా, ఎవరైనా మిమ్మల్ని లెమ్మన్నప్పుడు, దేనికొరకు అని అడగండి. మన ప్రభువు ఎవరి బిడ్డనూ తనకు అడ్డుగా నిలబెట్టుకోలేదు. తానే ముందు నడిచి సిలువ మోశాడు.

ప్రార్థన చేద్దాము. తండ్రీ, మా తగాదాలకు మా పిల్లలను బలి చేయకుండ మమ్మును కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.