సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లల బలాన్ని కొలవడం ఎలా?

(రోగుల కుటుంబ సభ్యుల కోసం చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



ఆసుపత్రిలో ఆటల గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ మీ ఇళ్లలో బడికి వెళ్లే పిల్లలున్నారు, ఆడే పిల్లలున్నారు. "మా అమ్మాయి స్కూలు సాఫ్ట్‌బాల్ జట్టులో ఉంది, ఇదివరకటిలా కొట్టలేకపోతోంది, బలానికి ఏదైనా టానిక్ రాయండి" అని అడిగే తల్లులూ ఉన్నారు. టానిక్ సంగతి తరువాత. ముందు ఆ బలాన్ని కొలవాలి. కొలవనిదే తగ్గిందో పెరిగిందో ఎలా తెలుస్తుంది?

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని చికాగోలో పుట్టింది. 1996 నుంచి 2008 వరకు నాలుగు ఒలింపిక్స్‌లలో మహిళలు ఆడారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మళ్లీ ఆడారు. మన దేశంలో జాతీయ పాఠశాల క్రీడల్లోనూ ఈ ఆట ఉంది.

బలం ఎక్కడి నుంచి వస్తుంది?

బంతిని గట్టిగా కొట్టాలంటే చేతులు లావుగా ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ శక్తి పాదాల దగ్గర మొదలవుతుంది. నేలను తన్నిన కాలి నుంచి తుంటికి, తుంటి నుంచి నడుముకు, అక్కడి నుంచి భుజాలకు, చివరికి చేతులకు చేరుతుంది. బ్యాట్ బరువు రెండింతలైతే దానిలోని శక్తి రెండింతలవుతుంది. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది. కనుక మోయలేని బరువైన బ్యాట్ కొనివ్వడం వల్ల పిల్లలకు నష్టమే.

ఇంటి దగ్గరే కొలవడానికి నాలుగు పరీక్షలు

పెద్ద శిక్షణ శిబిరాల్లో బ్యాట్‌కు తగిలి వెళ్లే బంతి వేగాన్ని రాడార్ గన్‌తో కొలుస్తారు. మనకు ఒక టేపు, ఒక స్టాప్‌వాచ్ చాలు.

1. నిలబడిన చోటు నుంచి రెండు కాళ్లతో ముందుకు దూకడం. గీత నుంచి మడమ పడిన చోటు వరకు కొలవండి. ఇది కాళ్ల శక్తిని చెబుతుంది.

2. పక్కకు తిరిగి నిలబడి, 2 కిలోల మెడిసిన్ బాల్‌ను రెండు చేతులతో తుంటి దగ్గర నుంచి విసరడం. బ్యాట్ తిప్పే కదలిక కూడా దాదాపు ఇలాంటిదే. చిన్న పిల్లలకు 1 కిలో బంతి చాలు.

3. 60 అడుగుల పరుగు. సాఫ్ట్‌బాల్‌లో ఒక బేస్ నుంచి మరో బేస్‌కు ఉండే దూరం ఇంతే, అంటే సుమారు 18.3 మీటర్లు.

4. నడుము ఎత్తున స్టాండు మీద పెట్టిన బంతిని ఐదుసార్లు కొట్టించి, మొదట నేల తాకిన చోటు వరకు కొలవడం. గాలిని బట్టి ఈ కొలత మారుతుంది గనుక దీనినొక్కదానినే నమ్మవద్దు.

పరీక్షకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా వ్యాయామం చేయించండి. మొదటి మూడు పరీక్షలలో మూడేసి అవకాశాలిచ్చి, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతితో, మంచి ఫలితాన్ని నోటుబుక్కులో రాయండి. ప్రతిసారీ అదే మైదానం, అవే బూట్లు, అదే బంతి, అదే వేళ ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చేస్తే చాలు. ఎత్తు, బరువు కూడా పక్కనే రాయండి.

అంకెలను ఎలా చదవాలి?

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మీ బిడ్డ అంకెను పక్కింటి బిడ్డ అంకెతో పోల్చవద్దు. ఆడపిల్లలు సాధారణంగా 11, 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలు 13, 14 ఏళ్ల ప్రాంతంలో వేగంగా ఎత్తు పెరుగుతారు. ఒకే తరగతిలోని ఇద్దరిలో ఒకరికి ఆ ఎదుగుదల ముందే రావచ్చు, మరొకరికి రెండేళ్ల తరువాత రావచ్చు. ముందుగా ఎదిగిన బిడ్డ గొప్పదీ కాదు, ఆలస్యంగా ఎదిగే బిడ్డ చేతకానిదీ కాదు. ఎత్తు హఠాత్తుగా పెరిగే నెలల్లో పరుగు కొంత తడబడటం కూడా సహజమే. బిడ్డను తన పాత అంకెతోనే పోల్చండి.

రెండు పరీక్షల్లో వరుసగా అంకెలు తగ్గుతూ ఉంటే మాత్రం తిట్టవద్దు, కారణం వెదకండి. మన ఆడపిల్లల్లో తరచుగా కనిపించే కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. 12 ఏళ్లు దాటిన అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటాం. ఆయాసం, త్వరగా అలసట, కళ తప్పిన ముఖం కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను అన్నం తిన్న తరువాత వేసుకోమనండి. ఆకుకూర, పప్పుతోపాటు నిమ్మరసం గానీ జామపండు గానీ ఇవ్వండి. భోజనంతో టీ వద్దు.

నిద్రలేమి, చాలీచాలని తిండి, దాచిపెట్టిన నొప్పి కూడా కారణాలే. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. క్రమంగా వస్తున్న నెలసరి మూడు నెలలు ఆగిపోతే డాక్టరుకు చూపించండి. ఆటవల్లే అని ఊరుకోవద్దు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

తలకు బంతి గానీ బ్యాట్ గానీ తగిలితే ఆ రోజు ఆట ఆపించాలి. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, ఫిట్స్ ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఛాతీకి దెబ్బ తగిలి కుప్పకూలితే క్షణం కూడా వృథా చేయక ఛాతీ నొక్కుతూ సహాయానికి పిలవండి. ఆడుతూ స్పృహ తప్పినా, మోకాలు "టక్" మని వాచినా, భుజం నొప్పి రెండు వారాలైనా తగ్గకపోయినా చూపించండి.

ఆ నోటుబుక్కును కూడా వెంట తీసుకురండి. "నీరసంగా ఉంది" అనే మాట కంటే "మూడు నెలల్లో దూకుడు 20 సెంటీమీటర్లు తగ్గింది" అనే మాట డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. పతకం వచ్చినా రాకపోయినా, ఆ పుస్తకం మీ బిడ్డ ఆరోగ్యానికి కాపలా కాస్తుంది.