బండి ఎవరి పేరు మీద ఉంది?

(ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరంతా మొదటి బండి కొనుక్కునే వయసులో ఉన్నారు. కొందరి ఇళ్ళల్లో ఈపాటికే చర్చ మొదలై ఉంటుంది. ఏ కంపెనీ, ఏ రంగు, లీటరుకు ఎంత ఇస్తుంది, నెలకు వాయిదా ఎంత - ఇవన్నీ అడుగుతారు. ఎవరి పేరు మీద కొందాం అని మాత్రం ఎవరూ అడగరు. నాన్న పేరు మీదో, అన్నయ్య పేరు మీదో అని ముందే అనుకుని ఉంటారు. ఆ అడగని ప్రశ్న గురించి మాట్లాడటానికే నేను వచ్చాను.

ముందు వయసు సంగతి చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 16 ఏళ్ళు నిండినవాళ్ళు 50 సి.సి. మించని బండి మాత్రమే నడపవచ్చు. అంతకు పెద్ద బండికి 18 నిండాలి. లూనాలు, టి.వి.ఎస్. 50లు వీధివీధినా తిరిగిన రోజుల్లో ఆ 16 ఏళ్ళ నిబంధనకు అర్థం ఉండేది. ఇప్పుడు షోరూములో కనిపించే పెట్రోలు బళ్ళు దాదాపు అన్నీ వంద సి.సి., ఆ పైన. కాలేజీకి ఆలస్యమవుతోందని 16 ఏళ్ళ పిల్ల చేతికి ఆ తాళం ఇస్తే, 2019 సవరణలో చేర్చిన 199-ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లకు 25 ఏళ్ళు నిండేదాకా ఎల్.ఎల్.ఆర్. కూడా రాదు. కాబట్టి 18 దాకా ఆగండి. ఈలోగా ఏ బండి కావాలో ఆలోచించుకోండి.

మా అక్క కూతురు వంద సి.సి. మోటారు సైకిలు కావాలన్నప్పుడు "ఆడపిల్లవు, స్కూటీ చాలదా?" అన్నారు ఇంట్లో. ఆ పిల్ల ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. వాళ్ళ ఊరి నుంచి తారు రోడ్డు దాకా అంతా కంకర దారి. స్కూటీ చక్రాలు చిన్నవి, పది పన్నెండు అంగుళాలు. మామూలు మోటారు సైకిలు చక్రాలు 17, 18 అంగుళాలు. గుంటలు వచ్చినప్పుడు పెద్ద చక్రమే తేలిగ్గా దాటుతుంది. దారి ఎలాంటిది, మన ఎత్తెంత, ఎంత బరువు మోయగలం అని చూసి బండి ఎంచుకోవాలి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. స్టాండు తీసి, ఇంజను ఆపి ఉంచి, బండిని పది అడుగులు ముందుకూ వెనక్కూ మీరే నెట్టి చూడండి.

వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. మనం చీర గార్డు అంటామే, అదే. బండి అందం చెడుతుందని దాన్ని విప్పించేసేవాళ్ళున్నారు. చక్రంలో చిక్కుకునేది మన కొంగూ మన చున్నీయే. దాన్ని తీయనివ్వకండి.

ఇక బీమా. "అదంతా మేమే చూసుకుంటాం మేడం" అంటారు షోరూములో. మనం సంతకం పెట్టి వచ్చేస్తాం. అందులో మూడు భాగాలుంటాయి. మూడూ విడివిడిగా చదవండి.

మొదటిది థర్డ్ పార్టీ. చట్టం తప్పనిసరి చేసింది దీన్నే. మన బండి తగిలి దెబ్బతిన్న ఎదుటి మనిషికి పరిహారం దీని నుంచి వస్తుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ళకూ ఒకేసారి కట్టాలన్నారు. 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన రేటు ప్రకారం 75 దాటి 150 సి.సి. దాకా ఉన్న బండికి ఇది 3,851 రూపాయలు, పన్ను అదనం. నడిపే మనిషికి ఇందులోంచి పైసా రాదు. వెనక కూర్చున్న మనిషికి కూడా ఇది వర్తించదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. మన దేశంలో ఆ వెనక సీటు ఎక్కువగా ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు.

రెండోది ప్యాకేజీ పాలసీ. బండి దెబ్బతిన్నా, దొంగలు ఎత్తుకుపోయినా డబ్బు వచ్చేది దీని వల్లే. ఇది ఉంటే వెనక కూర్చున్నవాళ్ళకు కూడా బీమా కంపెనీ బాధ్యత వహించాలని 2009లో బీమా నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది, 2012లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. డబ్బు మిగులుతుందని థర్డ్ పార్టీతో సరిపెట్టుకునే ఇంట్లో, ఆ మిగులు అమ్మ రక్షణలోంచి తీసిందే.

మూడోది వ్యక్తిగత ప్రమాద బీమా. 2018లో దీన్ని 15 లక్షలకు పెంచారు. దీనికి మూడు షరతులున్నాయి. నడిపే మనిషి పేరు ఆర్.సి.లో యజమానిగా ఉండాలి, పాలసీలో ఉండాలి, ఆ మనిషికి చెల్లే లైసెన్సు ఉండాలి.

ఇప్పుడు ఆలోచించండి. బండి నాన్న పేరు మీద ఉంది, రోజూ నడిపేది కూతురు. ఎదుటి బండి వాళ్ళ తప్పయితే వాళ్ళ బీమాను అడగవచ్చు. కుక్క అడ్డొచ్చి తనే పడితే? అడిగి తీసుకున్న బండి నడిపేవాళ్ళు యజమాని స్థానంలోనే ఉంటారనీ, బయటి మనిషిలాగా ఆ బండి బీమా నుంచి పరిహారం అడగలేరనీ సుప్రీంకోర్టు 2009లోనూ 2020లోనూ చెప్పింది. 15 లక్షల బీమా చూస్తే, కాగితం మీద అది నాన్నది. ఆసుపత్రి ఖర్చుల కోసం మా సంస్థకు సలహా అడగడానికి వచ్చే కుటుంబాలను నేను మొదట అడిగేది ఆర్.సి. అందులో అమ్మాయి పేరు కనబడటం అరుదు.

"అప్పు నాన్న పేరు మీద తీసుకున్నాం" అంటారు. 18 నిండిన కూతురిని రుణగ్రహీతగా పెట్టి తండ్రి హామీ ఉండవచ్చునేమో ముందే అడగండి. "అన్నయ్య పాత బండి ఇచ్చాడు" అంటారు. సంతోషం. ఆర్.సి. బదిలీ చేయించుకుని, 14 రోజుల్లో బీమా కూడా మార్పించుకోండి. క్లెయిము చేయని ఏళ్ళకు వచ్చే బోనసు కూడా పాలసీలో పేరున్న మనిషిదే. బండి అమ్మేసినా అది ఆ మనిషి వెంటే వస్తుంది. జాగ్రత్తగా నడిపింది మీరైనప్పుడు ఆ బోనసు అన్నయ్య ఖాతాలో ఎందుకుండాలి?

అల్లుడికి కట్నంగా బండి పెట్టడానికి అప్పు చేసే ఇళ్ళు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం. ఆ డబ్బుతోనే కూతురికి 18 ఏళ్ళప్పుడు, ఆమె పేరు మీద బండి కొంటే చదువుకీ ఉద్యోగానికీ ఎవరినీ బతిమాలకుండా వెళ్తుంది. పెళ్ళయ్యాక కూడా అది ఆమెదే.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. నీళ్ళకీ, పనికీ, సంతకీ సొంతంగా వెళ్ళారు. సైకిలుకు కాగితం లేదు, తొక్కడం వస్తే చాలు. మోటారు బండికి కాగితం ఉంది. నడపడం నేర్చుకున్నంత శ్రద్ధగా ఆ కాగితం చదవడం కూడా నేర్చుకోండి. షోరూములో ఫారం నింపేటప్పుడు 'యజమాని' అన్న గడిలో మీ పేరు మీరే చెప్పండి.