నీటి కింది విజయపురి

మునిగిన నగరమంటే ద్వారకే గుర్తొస్తుంది. కానీ ఇక్ష్వాకుల రాజధాని మన విజయపురి మునిగింది నిన్నమొన్నే. సింహళ భిక్షువులకూ విహారమున్న ఊరది. నాగార్జునసాగర్ ఆనకట్ట కోసం ఆ ఊరున్న లోయను నీటికిచ్చాం. ముంచేముందు 1954 నుంచి 1960 దాకా తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి నీట మునగని కొండమీదా, దగ్గర్లోని అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. మరి నగరం దక్కినట్టేనా? దక్కలేదు. కట్టడాన్ని మోయొచ్చు, వీధుల్ని మోయలేం.

పొలాలకు నీళ్లొద్దా అంటారు. కావాలి, తప్పకుండా కావాలి. అందుకే, ముంచక తప్పనప్పుడు ముందు తవ్వాలి. తవ్వారు కాబట్టే కృష్ణానది ఒడ్డున రాతిమెట్ల స్నానఘట్టం, చుట్టూ మెట్లున్న ఆటస్థలం ఉండేవని ఈరోజు చెప్పగలుగుతున్నాం. సెలవులకు ఊరెళ్తే సాగర్‌లో లాంచీ ఎక్కండి. కొండమీది మ్యూజియం పిల్లలకు చూపించండి.