దేహానికి కూడా హక్కు ఉంది

 



మన మసీదులలో వరుసల చివర వేసిన కుర్చీలను గమనించండి. ఏటేటా అవి పెరుగుతున్నాయి. నిలబడలేని వానికి కూర్చుని నమాజు చేసే వెసులుబాటును షరీఅతే ఇచ్చింది. వ్యాధిగ్రస్తులను ఎవరూ తప్పుపట్టరాదు. అయితే యాభై ఏళ్లయినా నిండకుండానే సజ్దాకు వంగలేకపోతున్న వారిలో కొందరికి వైద్యుడు ఏనాడో చెప్పి ఉన్నాడు: నడవండి, బరువు తగ్గండి, తీపి మానండి అని. వారు సంకల్పం చేసుకున్నారు కూడా. ఆ సంకల్పం పది దినాలు దాటలేదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర) యౌవనంలో ప్రతి దినం ఉపవాసముండి, రాత్రంతా నమాజులో గడిపేవారు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఆయనను వారించారు. దేహానికీ, కళ్లకూ, భార్యకూ నీపై హక్కు ఉందని చెప్పి, నెలకు 3 ఉపవాసాలు చాలునన్నారు. తనకు ఇంకా శక్తి ఉందని ఆయన పట్టుబట్టగా, చివరకు దావూద్ ప్రవక్త (అ) పద్ధతిలో దినం విడిచి దినం ఉండడానికి అనుమతించారు. వృద్ధాప్యంలో ఆ సహచరుడు, ఆనాటి వెసులుబాటును స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని అనుకునేవారు. అయినా విడిచిపెట్టలేదు. నీరసించినప్పుడు కొన్ని దినాలు ఉపవాసాలు ఆపి, వాటిని లెక్కపెట్టుకుని, తరువాత అన్నీ పూర్తి చేసేవారు.

మనవారు మొదటి దినమే గంటసేపు పరుగెత్తుతారు. అన్నం పూర్తిగా మానేస్తారు. జిమ్ముకు ఏడాది రుసుము ఒకేసారి చెల్లిస్తారు, చెల్లించడమే వ్యాయామమన్నట్టు! మొదటి వలీమా విందుతో అంతా ముగుస్తుంది. రమజాన్‌లో ఎదుట చల్లని నీరున్నా తాకని ఆ చేయే షవ్వాల్‌లో రెండవ పళ్లెం బిర్యానీకి చాచుకుంటుంది. నిగ్రహం మనలో లేదని ఎలా అనగలం?

కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని ప్రవక్త (స) బోధించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకు సూచించేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ. అంటే అరగంట చొప్పున 5 దినాల వడి నడక. అదీ భారమనిపిస్తే, ఫజ్ర్ నమాజు తరువాత దగ్గరి దారిని వదలి చుట్టుదారిన పది నిమిషాలు నడిచి ఇల్లు చేరండి. ఫజ్ర్‌కు మనం లేచేది ఆ పూట మనసు కుదిరిందని కాదు, వేళ అయిందని. నడకను ఆ వేళకే ముడివేస్తే ప్రతి ఉదయం మనసుతో వాదించే పని ఉండదు. మోకాళ్ల నొప్పులు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

ఇక తప్పిపోయిన దినం సంగతి. నిద్ర వల్లనో, అనారోగ్యం వల్లనో రాత్రి నమాజు తప్పితే ప్రవక్త (స) పగటివేళ 12 రకాతులు చేసేవారని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెలిపారు. ఒక ఉదయం నడక తప్పితే ఆ సాయంత్రం అస్ర్ తరువాత నడవండి. వచ్చే నెల ఒకటవ తేదీ కోసం ఎదురుచూడకండి.

అశక్తత నుండి, సోమరితనం నుండి ప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఓ అల్లాహ్! ఆ రెండింటి నుండి మమ్మల్నీ కాపాడు. మా నుదుళ్లు నేలను తాకే శక్తిని మా చివరి నమాజు వరకు నిలిపి ఉంచు. ఆమీన్.