తీగ పక్కన చెట్టు కొట్టేముందు

వానలు మొదలయ్యేలోపు ఇంటి పక్క కొమ్మలు, కొబ్బరి మట్టలు కొట్టించడం మనకు మామూలే. ఆ చెట్టు పక్కనుంచి కరెంటు తీగ వెళుతుంటే మాత్రం కత్తి పట్టకముందే ఆగండి.

మన వీధుల్లో, పొలాల్లో సాగే 11 కేవీ లైనులో 11 వేల వోల్టులుంటాయి. ఆ తీగలకు చాలాచోట్ల తొడుగు ఉండదు. పచ్చి కొమ్మలో తేమ ఉంటుంది కాబట్టి దాని గుండా కరెంటు పారుతుంది. తడిసిన వెదురు గెడ, ఇనుప గెడ, అల్యూమినియం నిచ్చెన కూడా అంతే ప్రమాదం. మరీ దగ్గరికి వెళితే, తాకకపోయినా కరెంటు గాలిలోంచే దూకుతుంది. అందుకే అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం, 50 కేవీ వరకు ఉన్న లైన్లకు శిక్షణ లేనివారు 10 అడుగుల దూరం పాటించాలి. చేతిలోని పనిముట్టుకూ అదే లెక్క.

ముందుగా లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కు ఫోన్ చేయండి. విద్యుత్ సిబ్బంది సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, సరఫరా లేదని పరీక్షించి, తీగలను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాకే కొమ్మ మీద కత్తి పడాలి. ఎక్కడో జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి వచ్చినా ఆ రాడ్లే కాపాడతాయి. కరెంటు పోయింది కదా అని చెట్టెక్కకండి, అది ఏ క్షణమైనా రావచ్చు.

తీగ తెగి పడితే దూరంగా ఉండండి, ఇతరులనూ ఆపండి. షాక్ తగిలినవారిని చేత్తో లాగకండి. సరఫరా ఆపించి, 108కి ఫోన్ చేయండి.

కూలికి వచ్చినవారి ప్రాణానికి పని చెప్పినవారిదే బాధ్యత. లైన్ క్లియర్ లేనిదే ఎవరినీ చెట్టెక్కించకండి.