జప్తునకు లోఁబడని సొత్తు



కోర్టు అమీను వాకిట నిలిచినంతనే మగ్గమును తామే విప్పి యప్పగించిన నేతకుటుంబములను మేము చూచితిమి. అట్లు చేయ నక్కఱలేదు. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము వృత్తిపనివాని పనిముట్లను, అవసరమైన కట్టుబట్టలను, వంటపాత్రలను, పడకలను, మతాచారముచే స్త్రీ విడువరాని మంగళసూత్రమువంటి నగలను జప్తు చేయరాదు. మగ్గము, అచ్చు, నాడె, రాట్నము పనిముట్లే గదా! నూలును, నేసిన చీరలును మాత్రము సరకు. వానికిని ఈ రక్షణ కలదని యెవరును భ్రమపడవలదు.

సూర్యాస్తమయము మొదలు సూర్యోదయమువఱకు జప్తుకై నివాసగృహమున ప్రవేశింపరాదు. చేబదులిచ్చిన వడ్డీవ్యాపారి కోర్టు ఉత్తరువు లేకయే మగ్గము నెత్తుకొనిపోయిన నది జప్తు కాదు, దౌర్జన్యము. వేఱుపడిన యన్న యప్పునకు తమ్ముని సొత్తు పట్టిరేని, వేలము జరుగకమునుపే 21వ ఆర్డరు 58వ రూలు క్రింద అభ్యంతరము దాఖలు చేయవలెను.

ఇల్లు వేలమైపోయినను ఆశ యుడుగ నక్కఱలేదు. వేలమునాఁటినుండి 60 దినములలోపల ప్రకటనయందలి బాకీని, కొనుగోలు సొమ్ముపై నూటికి 5 రూపాయలను కోర్టున కట్టి కోరినచో 89వ రూలు క్రింద వేలము రద్దగును. ఈ గడువెఱుఁగక యిల్లు పోఁగొట్టుకొనినవా రీసభలోనే కలరు. వారి నిచట పేర్కొనము. నోటీసు చేతికందిననాఁడే, సిగ్గుపడక, దానిని మన సంఘ కార్యదర్శికిఁ జూపుఁడు.